సబ్బు మేడమ్, రెండు సీసాల జిగురు

మా పక్కింటావిడను వీధిలో అందరూ సబ్బు మేడమ్ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు. ఒకరోజు కూరగాయల కొట్టు దగ్గర ఆ మాట ఆవిడ చెవిన పడింది. సంచీ కింద పెట్టి వెనక్కి తిరిగి, "చాటుగా గొణగడం ఎందుకమ్మా? అదేమన్నా తిట్టా? ఎదురుగానే పిలవండి, పలుకుతాను" అన్నారు. అప్పటి నుంచి ఎదురుగానే పిలుస్తున్నారు. నేను మాత్రం పిన్నిగారూ అంటాను. మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆవిడ తుమ్మితే మా ఇంట్లో గిన్నెలు మోగుతాయి.

పిన్నిగారు ముప్పై ఒక్క ఏళ్లు పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేశారు. దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరి, చివరికి లాండ్రీ మొత్తానికి సూపర్‌వైజరుగా రిటైరయ్యారు. మరకను చూసి అది ఏ మందుదో, ఏ వార్డుదో చెప్పేసేవారట. ఆపరేషన్ గదికి వెళ్లే బట్ట మీద నలక కనిపిస్తే, మొత్తం గంపెడూ మళ్లీ నీళ్లలో పడాల్సిందే. సర్జన్లు కూడా ఆవిడతో మాట్లాడేటప్పుడు చొక్కా కాలరు సర్దుకునేవాళ్లని బాబాయిగారు నవ్వుతూ చెబుతుంటారు.

బాబాయిగారంటే ఆవిడ భర్త. పుస్తకాల బైండరు. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసి అట్టలు కట్టి రిటైరైన మనిషి. పిన్నిగారు పది మాటలు మాట్లాడే చోట ఆయన ఒక్కటి మాట్లాడతారు, అదీ అవసరమైతేనే. ఇంట్లో కిటికీ పక్కన చిన్న ఇనుప ప్రెస్సు పెట్టుకుని, తెలిసినవాళ్ల పాత పుస్తకాలు బాగుచేస్తూ కూర్చునేవారు.

రిటైరయ్యాక మొదటి మూడు నెలలు పిన్నిగారికి కాలూ చెయ్యీ ఆడలేదు. కర్టెన్లు వారానికి రెండుసార్లు ఉతికారు. సోఫా తొడుగులు ఉతికారు. బాబాయిగారు పుస్తకానికి చుట్టిన గుడ్డను కూడా లాక్కుని ఉతికారు. "గోడలు విప్పి ఉతకడానికి వీల్లేదు కనుక బతికిపోయాయి" అన్నారు బాబాయిగారు నాతో, ఆవిడకు వినపడకుండా.

ఆ రోజుల్లోనే రంగులూ కుంచెలూ అమ్మే కొట్లో ఒకావిడ రెజిన్ పని చేసి చూపించింది. రెండు సీసాలు. ఒకదాంట్లో చిక్కటి జిగురు, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచేది. రెంటినీ కొలిచి కలిపి అచ్చులో పోస్తే, మర్నాటికల్లా గాజులాగా గట్టిపడుతుంది. లోపల పువ్వు పెడితే పువ్వు, ఆకు పెడితే ఆకు అలాగే నిలిచిపోతుంది. పిన్నిగారు కొట్లో నిలబడి చివరిదాకా చూశారు. ఇంటికి రెండు సీసాలతో వచ్చారు.

ఆవిడ దగ్గర ఒక పెద్ద గాజు జాడీ ఉంది. ఆసుపత్రి బట్టలు ఉతికే యంత్రాల జల్లెడలో దొరికిన గుండీలు అందులో ఉన్నాయి. దొరికిన ప్రతి గుండీనీ వార్డుల్లో చూపించి ఎవరిదని అడిగేవారట. ఎవరూ నాది అననివి జాడీలోకి చేరేవి. ముప్పై ఒక్క ఏళ్ల గుండీలు అవి. వాటిలోంచి నీలాలూ తెలుపులూ ఏరి, వరుసలుగా పేర్చి, రెజిన్ పోసి ఒక పళ్లెం చేశారు. మర్నాడు పొద్దున్నే అచ్చులోంచి తీసి, నాకోసం గోడ మీద కొట్టారు. వెళ్లి చూశాను. చెరువు అడుగున గులకరాళ్లలా ఉన్నాయి గుండీలు. ఆవిడ ముఖం ఆ పళ్లెం కంటే మెరుస్తోంది. వెనకాల నిలబడ్డ బాబాయిగారు పళ్లెం వైపు చూడలేదు. ఆవిడ వైపే చూస్తున్నారు.

ఏడాది తిరక్కుండా శనివారం బడి మొదలైంది. వాళ్ల ముందుగదిలో పెద్ద బల్ల, దాని చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్లం. నేను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తాను, శనివారం మధ్యాహ్నం ఖాళీ. మూలింటి దర్జీ అమ్మాయి మిషను ఆపి వచ్చేది. పిన్నిగారు లాండ్రీని నడిపినట్టే బడినీ నడిపారు. జుట్టు ముడేసుకోవాలి. కొలిచేటప్పుడు కబుర్లు లేవు. అయిదు నిమిషాలు నెమ్మదిగా కలపాలి, గబగబా కలిపితే బుడగలు. ఒకసారి నేను నాలుగు నిమిషాలకే ఆపేశాను. "గడియారం నీ కోసం పరిగెత్తదమ్మాయ్, కలుపు" అన్నారు.

కొట్టువాడు సీసాలతో పాటు పల్చటి ప్లాస్టిక్ గ్లౌజులు ఇచ్చాడు. వేసుకుంటే జారేవి, అంటుకునేవి, చిరిగేవి. రెండు వారాలు చూసి పిన్నిగారు వాటిని పక్కన పడేశారు. "గ్లౌజు వేసుకుంటే వేళ్లకు తెలివి ఉండదు. చేతికి అంటితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేసుకోండి, అయిపోయె" అన్నారు. ఆవిడ అన్నాక ఇంకేముంది? అందరం అలాగే చేశాం.

ఆ మరుసటి ఏడు ఒక పొద్దున్న బాబాయిగారు కళ్లు తెరవలేకపోయారు. రెప్పలు రెండూ పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. వేళ్ల సందుల్లో ఎర్రటి దద్దుర్లు, గోళ్ల పక్కన చర్మం పగిలి ఉంది. మందులషాపులో ఏదో బిళ్ల ఇస్తే తగ్గింది. వారానికి మళ్లీ వచ్చింది.

ఇక పిన్నిగారు రంగంలోకి దిగారు. వంకాయ బంద్. గుడ్డు బంద్. తలగడ మార్చారు. ఎవరో "తలకు రంగు వేసుకుంటారా?" అని అడిగితే, "వెయ్యడానికి జుట్టేదీ?" అన్నారు బాబాయిగారు, నున్నటి తల నిమురుకుంటూ. వీధి చివర డాక్టరు పరీక్షగా చూసి, "బట్టల సబ్బు పడకపోయి ఉండొచ్చు" అన్నాడు.

పిన్నిగారి ముందు అనకూడని మాట అది. "ముప్పై ఒక్క ఏళ్లు రోగులకు ఉతికాను. పచ్చి కుట్ల మీద కప్పే బట్టలు ఉతికాను. ఒక్క ఒంటి మీద పొక్కు లేవలేదు. నా సబ్బు నా మొగుడికే పడలేదా?" అని వీధంతా వినపడేలా అన్నారు. అన్నారే గానీ, ఆ రోజు నుంచి ఆయన బట్టలు విడిగా ఉతికి నాలుగు నీళ్లలో జాడించడం మొదలుపెట్టారు. వాపు తగ్గలేదు.

తరవాత అనుమానం బైండింగు జిగురు మీదికి పోయింది. ఏళ్ల తరబడి వాడుతున్న జిగురు, అయినా ఎవరికి తెలుసు? బాబాయిగారు మారు మాట లేకుండా ప్రెస్సుకు గుడ్డ కప్పేశారు. రెండు నెలలు ఒక్క పుస్తకం ముట్టలేదు. కిటికీ పక్కన ఊరికే కూర్చునేవారు. రెప్పలు మాత్రం వాస్తూనే ఉన్నాయి.

మధ్యలో పది రోజులు ఆయన తన అక్కగారింటికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి ముఖం పూర్తిగా తేరుకుంది. ఆ పెద్దావిడ ఊరుకోకుండా ఫోను చేసి మరీ, "నీ చేతి కింద ఉంటే వాస్తాడు, నా ఇంట్లో ఉంటే తగ్గుతాడు. ఏం పెడుతున్నావే మా తమ్ముడికి?" అంది మరదలితో. హాస్యానికే అంది. కానీ పిన్నిగారు ఆ పూట భోజనం చెయ్యలేదు. మర్నాడు నన్ను పిలిచి, "చర్మం జబ్బులకని చదివిన డాక్టరు ఎవరైనా ఉంటే కనుక్కో. ఊహలు చాలు, ఉన్నదేంటో నాకు తెలియాలి" అన్నారు.

నేను కనుక్కున్న డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదస్తురాలు. బాబాయిగారి వీపు మీద చిన్న చిన్న బిళ్లలున్న పట్టీలు వరుసగా అంటించింది. ఒక్కో బిళ్లలో ఒక్కో రసాయనం. రెండు రోజులు ఉంచాలి, స్నానం చెయ్యకూడదు. ఆ రెండు రోజులూ స్నానం లేని మనిషిని ఇంట్లో పెట్టుకోవడం పిన్నిగారికి ఏ శిక్షకూ తీసిపోలేదు. పట్టీలు తీశాక ఒకసారి, ఇంకో రెండు రోజులాగి మరోసారి చూస్తారు. ఆ చివరి రోజు నేను సెలవు పెట్టి వాళ్లతో వెళ్లాను.

డాక్టరమ్మ దీపం కింద వీపంతా చూసింది. నలభై గళ్లలో ఒక్కటే ఎర్రగా పొంగి ఉంది. పుస్తకం తెరిచి నంబరు సరిచూసుకుంది.

"సబ్బు కాదు. బైండింగు జిగురూ కాదు. ఎపాక్సీ రెజిన్. మీ ఇంట్లో ఎవరైనా రెండు సీసాల జిగురు కలుపుతారా?"

"నేనే కలుపుతాను" అన్నారు పిన్నిగారు. "మూడేళ్లుగా. చేతులతో పట్టుకునేది నేను, పోసేది నేను. నాకు గోరంత దురద కూడా లేదు. ఆయన ఆ బల్ల దగ్గరికే రారు. ఆయనకెలా వస్తుంది?"

"మీరు కలుపుతారు సరే. తరవాత గిన్నెలెవరు కడుగుతారు?"

"గిన్నెలు కావవి, ప్లాస్టిక్ కప్పులు. పని కాగానే పారేస్తాను" అని పిన్నిగారు బాబాయిగారి వైపు తిరిగారు. ఆయన దొంగకు తేలు కుట్టినట్టు నేల చూపులు చూస్తున్నారు.

"ఏమండీ?"

బాబాయిగారు నసుగుతూ, "మంచి కప్పులు... పారెయ్యడం ఎందుకని..." అన్నారు.

విషయం ఇదీ. పిన్నిగారు పని ముగించి చెత్తబుట్టలో వేసిన కప్పుల్నీ కలిపే పుల్లల్నీ ఆయన తీసి, పెరట్లో కూర్చుని, స్పిరిట్ పోసి వట్టి చేతులతో రుద్ది కడిగేవారు. ఆరబెట్టి, దొంతరగా పేర్చి, మళ్లీ అలమరలో పెట్టేసేవారు. పన్నెండు వందల దుప్పట్లలో ఒకటి తగ్గితే పట్టుకునే మనిషికి, తన అలమరలో కప్పులు ఎందుకు అయిపోవడం లేదన్న ఆలోచనే రాలేదు. పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఈ జిగురు పూర్తిగా గట్టిపడితే దాదాపు ఏ గొడవా లేదు. పచ్చిగా ఉన్నప్పుడే ప్రమాదం. స్పిరిట్ దాన్ని పోగొట్టదు, పల్చగా చేసి చర్మంలోకి ఇంకా లోపలికి దింపుతుంది. సరిగా ఆరని దాన్ని రుద్దితే లేచే పొడి కూడా అంతే. వేలికి అంటిన కాస్తంత చాలు, కళ్లు నులుముకుంటే రెప్పలు వాస్తాయి. "ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఇక ఎప్పటికీ పడదు. మందు రాస్తే ఈ పుండు మానుతుంది గానీ, ఒళ్లు మాత్రం ఆ సంగతి మరిచిపోదు" అంది.

"మరి నాకెందుకు రాలేదు?"

"ఇవాళ రాలేదు. రేపటి సంగతి నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు."

ఇంటికి వచ్చాక పిన్నిగారు, ఎదురుగా నేనున్నానని కూడా చూడకుండా ఆయన్ను కూర్చోబెట్టి అడిగారు.

"మీకు అనుమానమే రాలేదా?"

"అక్కయ్య ఇంటి నుంచి వచ్చాక... వచ్చింది."

"వస్తే మరి చెప్పరే? రెండు నెలలు మీ ప్రెస్సు మూసుకుని కూర్చున్నారే! నా బల్లదే తప్పని తెలిసీ!"

"చెబితే నువ్వు మానేస్తావు."

"మానేస్తే?"

"మళ్లీ కర్టెన్లు ఉతకడం మొదలుపెడతావు."

నాకు నవ్వాగలేదు. పిన్నిగారికి కూడా నవ్వు వచ్చినట్టే ఉంది, కానీ కళ్లు తుడుచుకుంటూ లేచి లోపలికి వెళ్లిపోయారు. అరగంటకల్లా సీసాలు, అచ్చులు, అలమరలోని కప్పులన్నీ మూటగట్టి పెరటి చివరి రేకుల షెడ్డులో పెట్టేశారు. ముందుగది మూడుసార్లు కడిగారు. సాయంత్రం ప్రెస్సు మీది గుడ్డ ఆవిడే తీసి మడతపెట్టారు.

మరుసటి శనివారం అందరం మామూలుగానే వెళ్లాం. బల్ల ఖాళీగా ఉంది. పిన్నిగారు నిలబడే ఉన్నారు.

"కూర్చోవద్దు. ముందు అందరూ చేతులు చాపండి. మోచేతుల దాకా."

మా చేతులు ఒక్కొక్కటే పట్టుకుని, తిప్పి, వేళ్ల సందులు విడదీసి చూశారు. నావి బాగానే ఉన్నాయి. దర్జీ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల చొక్కా పొడుగు చేతుల్ని కిందికి లాక్కుంది.

"మడిచి చూపించు."

"సూదులు గుచ్చుకున్నవి మేడమ్. రంగు గుడ్డలు కదా, అప్పుడప్పుడూ..."

"మడిచి చూపించమన్నాను."

మణికట్టు నుంచి అరచేతి దాకా ఎర్రగా కందిపోయి ఉంది. బొటనవేలి పక్కన చర్మం చీలి ఉంది. నాలుగు నెలలుగా దాస్తోందట. "చేతులు ఇలా ఉన్నాయని తెలిస్తే ఎవరూ గుడ్డలివ్వరు మేడమ్. మీకు చెబితే బడికి రావద్దంటారని..." అని ఏడ్చేసింది.

పిన్నిగారు ఆ చెయ్యి వదలకుండానే మా అందరి వైపూ తిరిగారు.

"వినండి. గ్లౌజులు వద్దన్నది నేను. స్పిరిట్‌తో తుడుచుకోమన్నది నేను. తప్పు నేర్పాను. మా ఆయనకు వచ్చిందీ దానివల్లే, ఈ పిల్లకు వచ్చిందీ దానివల్లే. ఇవాళ పాఠం లేదు. సరైన పద్ధతి నేను నేర్చుకున్నాక పిలుస్తాను. ఈలోగా ఎవరి చేతికి ఏ దురద వచ్చినా నా దగ్గరికి రావాలి. దాచారంటే ఊరుకోను."

మర్నాడు దర్జీ అమ్మాయి తల్లి వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను, గోడ అవతలి మాటలన్నీ వినపడుతున్నాయి. "మా ఇంటికి దాని చేతులే ఆధారం. సరదా పనులు నేర్పి దాన్ని ఇలా చేశారా?" అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. పిన్నిగారు ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. ఆ తల్లి అలిసిపోయి ఆగాక, "మీరన్నది నిజం. రేపు డాక్టరు దగ్గరికి నేను తీసుకెళతాను. చేతులు మానేదాకా మీ ఇంట్లో ఇస్త్రీ పని నాది" అన్నారు.

అన్నట్టే చేశారు. పరీక్షలో ఆ అమ్మాయికీ అదే తేలింది. పగిలిన వేళ్లతో వేడి ఇస్త్రీపెట్టె పట్టుకోవడం నరకం. మిషను తొక్కగలదు, కత్తిరించగలదు, ఇస్త్రీ మాత్రం కాదు. ఆరు వారాలు రోజూ మధ్యాహ్నం పిన్నిగారు మూలింటికి నడిచి వెళ్లి, కుట్టిన బట్టలన్నీ ఇస్త్రీ చేసి వచ్చేవారు. రెండో వారంలో తల్లి టీ ఇచ్చింది. నాలుగో వారానికి, "మీరు చేసిన మడతలు చూసి గుడ్డలిచ్చేవాళ్లు పెరిగారండీ" అంది. ఆరో వారానికి ఆ పిల్ల చేతులు శుభ్రంగా మానాయి. మళ్లీ రెజిన్ ముట్టలేదు. ముట్టకూడదు కూడా.

ఈ మధ్యలోనే ఒకరోజు పిన్నిగారు నన్ను వెంటబెట్టుకుని రంగుల కొట్టుకు వెళ్లారు. సీసా తిప్పి కొట్టువాడి ముందు పెట్టారు.

"ఇది నీళ్లలాంటిది, పిల్లలు కూడా వాడొచ్చు అన్నారు మీరు."

"అవునండీ, అందరూ వాడుతున్నారు కదా."

పిన్నిగారు సంచీలోంచి భూతద్దం తీశారు. సీసా వెనకాల చీమ తలంత అక్షరాలు. "చర్మానికి తగలనివ్వకూడదు, తగిన గ్లౌజులు వాడాలి. చదవండి. నేనూ చదవలేదు లెండి. నా తప్పు నాది, మీ తప్పు మీది. అప్పుడు చేసి చూపించిన ఆవిడ ఏదీ?"

"ఆవిడా? చేతులు పాడయ్యాయని ఎప్పుడో మానేసిందండీ" అన్నాడు, వర్షం పడి ఆగిపోయిందన్నంత తేలిగ్గా. అన్నాక గానీ తను ఏమన్నాడో అతనికే తెలియలేదు. కొట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు చేతిలో సీసాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

పిన్నిగారు అరవలేదు. "రేపు మళ్లీ వస్తాను. నైట్రైల్ గ్లౌజులు, ఈ జిగురు లోపలికి దిగనివి, మందమైనవి, ఈ సీసాల పక్కనే ఉండాలి. ఎందుకో ఒక అట్ట మీద రాసి పెట్టాలి. మీకు రాయడం బద్ధకమైతే నేను రాసి తెస్తాను" అన్నారు. ఆవిడే రాసి తీసుకెళ్లారు. ఆ అట్ట ఇప్పటికీ అక్కడుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది కదా పిన్నిగారూ అన్నాను దార్లో. "నాకు కాలాయి. వచ్చేవాళ్లకు కాలకూడదు కదా, ఆకులు అక్కడే ఉండనీ" అన్నారు.

రెండు నెలల తరవాత పెరటి షెడ్డు చూడమని పిలిచారు. గుర్తుపట్టలేకపోయాను. గోడకు పొగ లాగే ఫ్యాను, ఎదురుగా పెద్ద కిటికీ. నేల మధ్యలో ఎర్రరంగు గీత. "మా లాండ్రీలో మురికి వైపు, శుభ్రం వైపు అని రెండుంటాయి. మురికి వైపు పట్టుకున్నదేదీ గీత దాటదు. చెయ్యి దాటదు, చెప్పు దాటదు, ఏప్రన్ దాటదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ గీత మీద నిలబడి కాపలా కాశాను. ఇంటికొచ్చి నా బల్ల దగ్గర మాత్రం ఆ గీత గియ్యలేదు. ఇది జిగురు కదా, మురికి కాదు కదా అనుకున్నాను. చూడ్డానికి తళతళలాడేది మురికెలా అవుతుందనుకున్నాను."

గీతకు ఇవతల బట్టలు మార్చుకోవాలి. అవతల గ్లౌజులు లేకుండా పుల్ల కూడా ముట్టకూడదు. గ్లౌజు మీద చుక్క పడితే ఆ జత అక్కడే తీసెయ్యాలి, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టి. ఉప్పుకాగితంతో పొడిగా రుద్దడం లేదు, తడిపే రుద్దాలి, అదీ మాస్కు పెట్టుకుని. పోసిన అచ్చు మూడు రోజులు గీత దాటదు. గ్లౌజు తీసే పద్ధతి మాకు రెండు శనివారాలు నేర్పించారు, రెజిన్ లేకుండా, గ్లౌజు వేళ్లకు సిరా పూసి. చేతి మీద సిరా చుక్క కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి. నాకు పదకొండుసార్లు పట్టింది.

బాబాయిగారికి ఆ షెడ్డు గుమ్మం తొక్కే అనుమతి లేదు. మూతకట్టిన డబ్బాలో కప్పులు పారేస్తుంటే దూరం నుంచి చూసి నిట్టూర్చేవారు. "ఒక్కసారి వాడిన కప్పు..." అని మొదలుపెట్టగానే, "మీ రెప్పలకంటే ఎక్కువా?" అనేవారు పిన్నిగారు. ఆయన పుస్తకాల దగ్గరికి వెళ్లిపోయేవారు. ఆయన కళ్లు ఆ తరవాత ఒక్కసారి కూడా వాయలేదు. పిన్నిగారు ఆ సంగతి అక్కగారికి తనే ఫోను చేసి చెప్పారు. చెప్పి, "నా చేతి కిందే ఉన్నాడు వదినా, తగ్గాడు" అని కూడా కలిపారు.

బడి మళ్లీ పెరిగింది. రెండు జట్లు చెయ్యాల్సి వచ్చింది. ఆసుపత్రి చర్మం విభాగం నుంచి ఆ డాక్టరమ్మ ఒకరోజు వచ్చి, ఎర్ర గీతను ఫోటో తీసుకుని వెళ్లింది.

షెడ్డు తెరిచిన నాలుగో ఏడు పిన్నిగారి కుడి చూపుడువేలి మీద చిన్న దురద మొదలైంది. వేరే ఎవరైనా అయితే దోమ అనుకుని ఊరుకునేవాళ్లు. ఆవిడ పని ఆపి, గ్లౌజులు పద్ధతిగా తీసి, చేతులు కడుక్కుని, మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లారు. పట్టీలు అంటించి చూస్తే ఆవిడ వీపు మీదా అదే గడి పొంగింది.

నేను కంగారు పడ్డాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక ఇదేమిటి అన్నాను. ఆవిడే నన్ను ఓదార్చారు. "ఇవన్నీ పెట్టకముందు మూడేళ్లు వట్టి చేతులతో చేశానమ్మాయ్. ఆ లెక్క ఎక్కడో ఉంటుందని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. జబ్బు గుమ్మంలో ఉండగానే తెలిసింది, ఇంట్లోకి రాకముందే. రెప్పలు వాయకముందే ఆపేశాను కదా."

"మీకు బాధగా లేదా?"

"ఉంది" అన్నారు సూటిగా. "చెయ్యాల్సిన పళ్లేలు ఇంకా ఉన్నాయి. అయినా ఏడేళ్లు నచ్చిన పని తృప్తిగా చేశాను. ఎంతమందికి దొరుకుతుంది?"

ఆ పై శనివారం బడి ఉంటుందో ఉండదో మాకెవరికీ తెలియలేదు. వెళ్లేసరికి షెడ్డు తెరిచే ఉంది. పిన్నిగారు బయట, పెద్ద కిటికీ అవతల, వీపు ఆనించుకునే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కిటికీ అద్దం మూసి ఉంది, చివర్న మాట వినపడేటంత సందు. లోపలి బల్ల నాకు అప్పజెప్పారు. ఆవిడ చెబుతుంటే నేను చేసి చూపించాలి.

ఆ రోజు కొత్తగా చేరిన ఒకావిడ, పెద్ద ఆఫీసులో పనిచేసే మనిషి, కిటికీ వైపు అనుమానంగా చూసింది. "మేడమ్, మీరు ముట్టుకోకుండా మాకెలా నేర్పిస్తారు? చేతిలోకి తీసుకుంటేనే గదా చిక్కదనం తెలిసేది?"

పిన్నిగారు కళ్లద్దాలు సర్దుకుని నా చేతిలోని కప్పు వైపు చూశారు. "వంట మానేసినంత మాత్రాన ఉప్పు తక్కువైందని చెప్పలేమా అమ్మా? అదిగో, ఆ పోస్టాఫీసు అమ్మాయి నాలుగు నిమిషాలకే ఆపేసింది. కలుపమ్మాయ్, ఇంకో నిమిషం ఉంది" అన్నారు.

గడియారం చూశాను. నిజంగానే ఇంకో నిమిషం ఉంది.